ఉప్పునీటి స్టార్టప్‌కి పెట్టుబడి ఎక్కడ అడగాలి?

అందరికీ నమస్కారం. ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి నాగాయలంక వైపు ఒక ఊళ్లో సోలార్‌తో నడిచే ఆర్‌వో యూనిట్ (ఉప్పునీటిని వడగట్టి మంచినీళ్లు చేసేది) పెట్టాం. అక్కడి బోరు నీళ్లలో టీడీఎస్ మీటర్ (లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగున్నాయో చూపేది) ముంచితే 6,000 దాటుతుంది, టీ పెడితే పాలు విరిగిపోతాయి. మా కుళాయి దగ్గర 200 లోపే. ఇంతవరకూ బాగానే ఉంది.

డబ్బు దగ్గరే ఆగిపోయాం. మెంబ్రేన్లు (ఉప్పుని ఆపే వడపోత పొరలు) మేం లెక్కేసినదానికంటే ముందే పూడుకుపోతున్నాయి, పంచాయతీ నుంచి మా బిల్లు డబ్బు రావడానికి నెలలు పడుతోంది, చేతిలో నాలుగు నెలల జీతాలే ఉన్నాయి. ఇన్వెస్టర్‌ని కలిస్తే, చెన్నై దగ్గర మింజూరులో సముద్రపు నీళ్లని రోజుకి 10 కోట్ల లీటర్ల మంచినీళ్లుగా మార్చే ప్లాంటు 2010లోనే వచ్చింది కదా, మీరు కొత్తగా చేసేదేంటి అంటాడు. అయ్యా, ఆ పైపు మా ఊరికి రాదు! పైగా సముద్రపు నీళ్లయితే వెయ్యి లీటర్లకి 3-4 యూనిట్ల కరెంటు కావాలి, బోరు నీళ్లకి అంత అక్కర్లేదు.

కేంద్ర ప్రభుత్వం కొత్త కంపెనీలకిచ్చే స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌కి అప్లై చేద్దామంటే రిజిస్టరై రెండేళ్లు దాటకూడదట, మాకు మూడో ఏడు నడుస్తోంది (ముందే చూసుకోకపోవడం మా తప్పే).

ఇలాంటి దశలో సీఎస్‌ఆర్ డబ్బు (పెద్ద కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టేది) తెచ్చుకున్నవాళ్లు ఉన్నారా? ఎవరిని కలవాలి, ఏ కాగితాలు అడుగుతారు? లేక బ్యాంకు లోన్ తీసుకోవడమే నయమా?