42 ఏళ్లకి ఇల్లు వదిలి హైదరాబాద్‌లో పీహెచ్‌డీ: వెళ్లాలా, మానాలా?

రాజాం_తెలుగు_మేడమ్

మాది రాజాం దగ్గర పల్లె. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత విజయనగరం. కాబట్టి రెండు జిల్లాల వాళ్లూ తిట్టొచ్చు, నాకు అభ్యంతరం లేదు.

ప్రైవేట్ జూనియర్ కాలేజీలో 16 ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. జీతం 26,000. మా ఆయన ఆర్టీసీ కండక్టరు, వారంలో రెండు మూడు నైట్‌అవుట్లు ఉంటాయి. పాప పదో తరగతి, బాబు ఏడు. అత్తకి షుగరు, రెండు పూటలా ఇన్సులిన్ నేనే వేస్తాను.

హైదరాబాద్‌లో ఒక సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. మన తీరంలో వేటకెళ్లేవాళ్ల మాటల మీద పరిశోధన. గాలికి, అలకి, వలకి వాళ్ల దగ్గరున్న పేర్లు సగం మన నిఘంటువుల్లో కనబడవు, ఆ పేర్లు తెలిసిన ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చేద్దామని ముందు అడిగాను. నేను అనుకున్న గైడ్‌గారికి రిటైర్‌మెంట్ మూడేళ్ల లోపే ఉంది, అలాంటివాళ్లు కొత్త స్కాలర్‌ని తీసుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే సంస్థ) 2022 రూలు. పార్ట్‌టైమ్‌కి కాలేజీ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, కావాలి, మా కరస్పాండెంట్ ఇవ్వనన్నారు. జేఆర్‌ఎఫ్‌కి (నెట్ పరీక్షతో వచ్చే పెద్ద ఫెలోషిప్) వయసు 30 దాటకూడదు, ఆడవాళ్లకి ఐదేళ్ల సడలింపు ఉన్నా 35, అది ఎప్పుడో దాటిపోయింది. వస్తే నెలకి 8,000 ఫెలోషిప్, అంతే.

లెటర్ ప్రింట్ తీయించి గ్యాస్ బుక్కులో దాచాను. సిలిండర్ వచ్చిన రోజు మా ఆయన బుక్కు తెరిచారు. గుమ్మంలో నిలబడే మొత్తం చదివి, మడత ఎలా ఉందో అలాగే పెట్టేసి డ్యూటీకి వెళ్లిపోయారు. రాత్రి ఒకటే అడిగారు, "పాపకి పరీక్షలెప్పుడు?" అని. అత్త మాత్రం అడగలేదు, అనేసింది: "ఇప్పుడు సదువుకుని ఎవుల్ని ఉద్దరిస్తావమ్మా?"

జాయినవ్వడానికి మూడు వారాలుంది. ఎవరైనా ఇలా వెళ్లినవాళ్లుంటే చెప్పండి. వెళ్లొద్దనేవాళ్లు కూడా చెప్పండి, కానీ కారణంతో చెప్పండి.

కోట_జంక్షన్

మేడమ్, లెక్క చూడండి. 26,000 పోతుంది, 8,000 వస్తుంది. నెలకి తేడా 18,000. నాలుగేళ్లకి 8,64,000. ఇందులో మీ రైలు ఖర్చులు, మెస్సు బిల్లు, ఇంట్లో వంటకి మనిషిని పెడితే ఆ జీతం కలపలేదు. అదే టైములో పాపకి ఇంటర్, ఆ పైన ఇంజినీరింగో మరొకటో. పట్టా చేతికొచ్చేసరికి మీకు 47. ఆ వయసులో ఉద్యోగం ఎవరిస్తారు? మా బావమరిది 46కి డాక్టరేట్ తెచ్చుకుని ఇప్పుడు గెస్ట్ ఫ్యాకల్టీ. యూజీసీ కాగితం మీద గంటకి 1,500, నెలకి 50,000 దాకా ఇవ్వొచ్చని ఉంది, ఆయనకి అందేది అందులో సగం కూడా కాదు, సెలవుల్లో అసలేమీ రాదు.

చదువు మంచిదే, నేను కాదనను. కానీ ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చుకోవాల్సిన మంచి కాదు.

మత్స్యలేశం_కుర్రోడు

కోట జంక్షన్ అన్నా, ఒకటి అడుగుతాను, కోప్పడొద్దు. మా నాన్న నా చిన్నప్పుడంతా గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనిచేశాడు. ఆగస్టులో వెళ్తే ఎండాకాలంలోనే మళ్లీ కనబడేవాడు. మా వీధిలో ఇంటికొకరు అలాగే. మా తమ్ముడు పుట్టిన ఐదు నెలలకి వాడి ముఖం చూశాడు నాన్న. అప్పుడు "పిల్లల్ని వదిలేసి ఎలా వెళ్తావయ్యా" అని ఒక్కరు అనలేదు. మన జిల్లాల నుంచి ఎంతమంది మిలిటరీలో ఉన్నారు, ఏడాదికి ఎన్నాళ్లు ఇంట్లో ఉంటున్నారు? వాళ్లని కూడా ఎవరూ అడగరు. ఈవిడ ఓవర్‌నైట్ రైలు దూరంలో చదువుకుంటానంటే మాత్రం అందరికీ లెక్కలు గుర్తొచ్చాయి.

ఇంకో సంగతి. మేడమ్ రాయాలనుకున్నది మా ఇళ్లలో మాట. మా తాత అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగేటప్పుడు అనే మాటలు నాకే సగం తెలీవు, నేను కూడా రాసి పెట్టుకోలేదు.

కోట_జంక్షన్

తమ్ముడూ, కోపం ఎందుకు. మీ నాన్న డబ్బు పంపడానికి వెళ్లాడు. డబ్బు పంపేవాడు వేరు, ఇంట్లో డబ్బు పట్టుకెళ్లేవాడు వేరు. ఆడ, మగ అని నేనెక్కడా అనలేదు. మా తమ్ముడే 40 ఏళ్లకి ఉద్యోగం మానేసి చదువుతానన్నా ఇదే చెబుతాను.

పాత_పంతులు

గిడుగు రామమూర్తి గారు మన జిల్లా మనిషే, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే ప్రైవేటుగా బీఏ పాసయ్యారు, సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారు చేశారు. వయసు అడ్డు కాదమ్మా. వెళ్లు.

సాలూరు_సంత

మాస్టారూ, గిడుగు గారంటే నాకూ గౌరవమే. మరి ఆయన సవర నేర్చుకుంటున్న రోజుల్లో ఆయన ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారో కూడా కాస్త చెప్పండి.

పాత_పంతులు

అది నిజమేనమ్మా. ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు.

బొబ్బిలి_అబ్బాయి

నేను అవతలి వైపు నుంచి చెబుతాను, అంటే ఇంట్లో మిగిలిపోయిన పిల్లవాడి వైపు నుంచి. మా అమ్మ 38 ఏళ్లకి వైజాగ్ వెళ్లి ఎంఈడీ చేసింది. నాది ఎనిమిదో తరగతి, చెల్లిది ఐదు. వైజాగ్ అంటే దగ్గరే కదా అంటారు, కానీ హాస్టల్లో ఉండేది, రెండు వారాలకోసారి వచ్చేది.

నాన్న చెల్లికి జడలు వేసేవాడు. ఒకటి బిగుతుగా, ఒకటి వదులుగా. మధ్యాహ్నానికి వదులుది ఊడిపోయి, చెల్లి ఒక జడతో ఇంటికొచ్చేది. క్లాసులో నవ్వేవాళ్లు. నాలుగైదు నెలల తర్వాత ఆయనకి చెయ్యి తిరిగింది, ఆ తర్వాత అమ్మ వచ్చినా చెల్లి నాన్న దగ్గరికే వెళ్లేది. ఆ రోజు అమ్మ దువ్వెన పట్టుకుని కాసేపు అలా కూర్చుండిపోవడం నాకు గుర్తుంది.

నా కంప్లయింట్ జడల గురించి కాదు. ఆ ఏడాది నాకు పచ్చకామెర్లు వచ్చాయి. అమ్మకి పరీక్షలని నాన్న, నానమ్మ కలిసి దాచారు. ఫోన్‌లో నా చేత కూడా "బాగున్నాను" అనిపించారు. పరీక్షలయ్యాక వచ్చి నా కళ్లు చూసి తెలుసుకుంది. నాన్నతో వారం రోజులు మాట్లాడలేదు, నాతో కూడా సరిగా మాట్లాడలేదు, అబద్ధం చెప్పానని. నాకు 13 ఏళ్లు, నేనేం చెయ్యగలను?

ఇప్పుడు నాకు 29. అమ్మ వెళ్లడం తప్పనుకోను. దాచడం తప్పు. మేడమ్, వెళ్తే ఒక్క మాట తీసుకుని వెళ్లండి, జ్వరం వచ్చినా, మార్కులు తగ్గినా, ఎవరు పోట్లాడుకున్నా అదే రోజు చెప్పాలని. మా అమ్మకి ఆ మాట అడగాలని తోచలేదు.

పలాస_లేడీ

ఏడిపించావు బాబూ.

అక్కా, నేనైతే ఒక్క ఏడాది ఆగమంటాను. పాపకి పదో తరగతి. మార్చిలో పరీక్షలు, మీరు వెళ్లేది ఇప్పుడు. సీటు మళ్లీ వస్తుంది, పదో తరగతి మళ్లీ రాదు. మీరు లేక దాని మార్కులు తగ్గితే జీవితాంతం మీ ఖాతాలోనే రాస్తారు, ముఖ్యంగా మీ ఆడపడుచులు. నాకు తెలుసు, నాకు ముగ్గురు.

రీసెర్చ్_స్కాలర్_ఒకరు

సీటు మళ్లీ వస్తుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరండీ. ప్రొఫెసర్ దగ్గర గరిష్ఠంగా ఎనిమిది మంది స్కాలర్లు, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు, అంతకు మించి తీసుకోకూడదు. ఈ ఏడాది ఖాళీ ఉంది కాబట్టి వచ్చింది. వచ్చే ఏడాది ఆ గైడ్ దగ్గర ఖాళీ లేకపోతే?

అందరూ ఐదేళ్లు ఇల్లు వదిలేస్తున్నట్టు మాట్లాడుతున్నారు. కోర్స్‌వర్క్ అంటే మొదట్లో ఉండే క్లాసులు, కనీసం 12 క్రెడిట్లు, దానికి మాత్రం అక్కడ ఉండి తీరాలి, ఒకటి రెండు సెమిస్టర్లు. తర్వాత? మేడమ్ టాపిక్ ఎక్కడుంది? కళింగపట్నం, భావనపాడు, ఇలా మన ఒడ్డునే ఉంది. ఫీల్డ్‌వర్క్‌కి ఇంటికి రావాల్సిందే. మధ్యలో ఎన్నాళ్లు క్యాంపస్‌లో ఉండాలన్నది ఒక్కో యూనివర్సిటీకి ఒక్కోలా ఉంటుంది, జాయినయ్యే ముందే గైడ్‌ని నేరుగా అడగండి. వీలైతే మెయిల్‌లో అడగండి, జవాబు దాచుకోండి. గడువు మామూలుగా ఆరేళ్లు, పొడిగింపులో ఆడవాళ్లకి అదనంగా ఇంకో రెండేళ్లు ఇచ్చే వీలుంది, 240 రోజుల దాకా చైల్డ్ కేర్ లీవు కూడా ఉంది.

కోట జంక్షన్ గారు ఉద్యోగం ఎవరిస్తారన్నారు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి నెట్ రాయడానికి వయసు పరిమితి లేదు. పోస్టులు పడతాయా అంటే అది వేరే ఏడుపు, అందులో నాదీ ఉంది.

హాస్టల్ గురించి ఒక మాట. రూమ్‌మేట్‌కి 24 ఉంటాయి, రాత్రి రెండింటికి లైటు వేసి ఉంటుంది. కళ్లకి గుడ్డ, చెవులకి దూది తీసుకెళ్లండి.

కోట_జంక్షన్

ఫీల్డ్‌వర్క్ ఇక్కడే అన్న సంగతి నేను ఆలోచించలేదు. అలాగైతే నా లెక్కలో ఇల్లు వదిలే నెలలు తగ్గుతాయి, డబ్బు మాత్రం తగ్గదు. ఏడాది తర్వాత ఇంటి దగ్గర ఉంటే సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకోవచ్చేమో, ఫెలోషిప్ రూల్స్ ఒప్పుకుంటాయో లేదో కనుక్కోండి. వెళ్లమని అనను. వెళ్తే తిట్టను.

రాజాం_తెలుగు_మేడమ్

నాలుగు రోజులుగా రాయలేదు, అన్నీ చదివాను. బొబ్బిలి అబ్బాయి రాసింది మా ఆయనకి ఫోన్ ఇచ్చి చదివించాను. చదివి, "నేను దాచను" అన్నారు. కాసేపాగి, "నువ్వూ అక్కడ ఏమైనా అయితే దాచకు" అన్నారు. ఇది నాకు తోచలేదు.

గైడ్‌కి మెయిల్ పెట్టాను. రెండు సెమిస్టర్లు ఉండాలి, తర్వాత ఫీల్డ్ మీద ఎన్నాళ్లైనా ఉండొచ్చు, మధ్యలో సెమినార్లకి వస్తే చాలు అన్నారు. పలాస అక్కా, పదో తరగతి గురించి పాపనే అడిగాను. "నువ్వుంటే రోజూ చదివావా చదివావా అంటావు, లేకపోతే నేనే చదువుకుంటాను" అంది. అది నిజమో, నన్ను పంపడానికి అన్నదో తెలీదు.

నిన్న రాత్రి ఇన్సులిన్ పెన్ను పాప చేతికిచ్చాను. ముందు రోజు పొట్టకి ఎడమవైపు వేస్తే ఈరోజు కుడివైపు, సూది గుచ్చాక వెంటనే తీయకుండా పది లెక్కపెట్టాలి, అని చెప్పాను. చెయ్యి వణికింది, లెక్క మాత్రం పైకే పెట్టింది. ఏడు దగ్గర అత్త, "అయిపోనాదా?" అంది. పది అయ్యాక సూది తీస్తే, నా వైపు చూడకుండా, "నీకన్నా దీని చెయ్యే తేలిక" అంది.

మత్స్యలేశం_కుర్రోడు

అయితే వెళ్తున్నట్టేనా మేడమ్? ఇక్కడికొచ్చినప్పుడు చెప్పండి, తాత దగ్గర కూర్చోబెడతాను. ఆయనకి పొద్దున్నే అయితేనే ఓపిక, మధ్యాహ్నం అయితే తిడతాడు.

రాజాం_తెలుగు_మేడమ్

తిట్లు కూడా రాసుకుంటాను బాబూ, అవే ముందు కావాలి. విశాఖ ఎక్స్‌ప్రెస్ స్లీపర్‌కి టికెట్ తీశాను. వెయిటింగ్ లిస్టు 34.