పొదుగుకు కూర్చున్న పెట్టను మంద నుంచి వేరు చేయాలా, ఉన్నచోటే ఉంచాలా?

తొలికూత:

మా పెట్టల్లో ఒకటి పొదుగుకు వచ్చింది. మందలోని పెట్టలన్నీ గుడ్లు పెట్టే గూళ్ల వరుసలోనే ఒకదానిలో ఈకలు ఉబ్బించుకొని పగలూ రాత్రీ కూర్చుంటోంది. చెయ్యి దగ్గరకు పోనిస్తే బొంగురుగా అరిచి పొడుస్తోంది. రొమ్ము మీద ఈకలు రాలి చర్మం బయటపడింది. దీని కింద గుడ్లు వేసి పిల్లలను చేయించాలని ఉద్దేశం. అయితే పొదుగు పూర్తయ్యేదాకా దాన్ని వేరే చోట ఉంచాలని కొందరు, అది ఎంచుకున్న చోటు నుంచి కదపనే కూడదని మరికొందరు అంటున్నారు. రెండు వైపులా అనుభవం ఉన్నవారే కనుక, మీరు ఏది చెప్పినా కారణంతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నేలగూడు:

తొలికూత గారూ, కదపవద్దు. పెట్ట ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగినప్పుడు గుడ్లు పెట్టడం ఆగి, కూర్చోవాలన్న పట్టుదల మొదలవుతుంది. ఆ హార్మోను తగ్గకుండా నిలబడటానికి అలవాటైన గూడు, రొమ్ముకు తగిలే గుడ్ల స్పర్శ తోడ్పడతాయి. పొదుగు మాన్పించాలనుకునేవారు ఏం చేస్తారో గమనించండి: పెట్టను గూటి నుంచి తీసి, అడుగున గాలి ఆడే జాలీ బోనులో వెలుతురు ఉన్నచోట పెడతారు, కొద్ది రోజుల్లో దాని పట్టుదల సడలిపోతుంది. పిల్లలు కావాలనుకునేవారు కూడా పెట్టను లేవదీసి కొత్త చోట పడేస్తే ఇంచుమించు ఆ పనే చేసినట్టవుతుంది.

మందలో దాని స్థానం గురించి కూడా ఆలోచించాలి. ఎవరు ఎవరిని పొడవవచ్చు, మేత దగ్గరకు ఎవరు ముందు రావాలి అన్న వరుస కోళ్లలో గట్టిగా ఉంటుంది. పొదుగుకు 21 రోజులు, ఆపైన పిల్లలతో మరికొన్ని వారాలు కనుమరుగైన పెట్ట తిరిగి వస్తే, మిగతావి దాన్ని పరాయి కోడిగా చూసి మీద పడతాయి. తల్లి తన స్థానం కోసం పోట్లాడుతుండగా పిల్లలు కాళ్ల కింద నలుగుతాయి. ఉన్నచోటే ఉంచితే ఈ బాధ లేదు. పొదగవేసిన గుడ్ల చుట్టూ పెన్సిలుతో గీత గీసి, గీత లేని గుడ్డు కనబడినప్పుడల్లా తీసేస్తే చాలు.

ముళ్లకంచె:

నేలగూడు గారు చివరన "తీసేస్తే చాలు" అని తేల్చేసిన చోటే చిక్కంతా ఉంది. పొదుగుతున్న పెట్ట కింద ఇతర పెట్టలు గుడ్డు పెట్టడం ఎప్పుడో ఒకసారి జరిగే సంగతి కాదు. అప్పటికే గుడ్లు ఉన్న గూడే వాటికి నచ్చుతుంది కనుక, పక్కన గూళ్లు ఖాళీగా ఉన్నా దీని మీదికి ఎక్కి, దీన్ని ఓ మూలకు నెట్టి మరీ పెడతాయి. ఆ తోపులాటలో ఒక్క గుడ్డు పగిలినా సొన తక్కిన పెంకులకు అంటుకొని, లోపలి పిండానికి గాలి అందే సన్నని రంధ్రాలను మూసేస్తుంది. ఆ తడిలో కుళ్లు మొదలై మంచి గుడ్లు కూడా మురిగిపోతాయి.

మరో దృశ్యం చెబుతాను, మందలో పొదిగించినవారందరూ చూసే ఉంటారు. పెట్ట రోజుకు ఒకసారి లేచి, మేత తిని, నీళ్లు తాగి, పెద్ద రెట్ట వేసి, కాసేపు దుమ్ములో పొర్లి తిరిగి వస్తుంది. అప్పటికి దాని గూట్లో మరో పెట్ట గుడ్డు పెట్టడానికి కూర్చొని ఉంటుంది. ఇది ఒక క్షణం అంచు మీద నిలబడి చూసి, పక్క గూట్లోకి దూరి, అక్కడ ఉన్న ఒకే ఒక్క తాజా గుడ్డును ముక్కుతో రొమ్ము కిందికి జరుపుకొని, అంతే శ్రద్ధగా పొదగడం మొదలుపెడుతుంది. కింద గుడ్డు తగిలితే చాలు, అది ఎవరిదన్న విచారం దానికి లేదు. దాని సొంత గుడ్లు జానెడు దూరంలో చల్లబడుతుంటాయి. పావుగంట, అరగంట చల్లదనాన్ని గుడ్లు తట్టుకుంటాయి; అది సహజంగా జరిగేదే. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా పెట్ట లేకపోతే అన్నీ తట్టుకుంటాయని చెప్పలేము.

తీయడం మరిచిన కొత్త గుడ్డు వల్ల కలిగే నష్టం ఇంకో రకం. పిల్ల పెంకు పగలగొట్టుకొనే ముందు పచ్చసొనను పొట్టలోకి తీసుకుంటుంది, దానితో రెండు రోజులకు పైగా మేత లేకుండా గడపగలదు. అందువల్లనే తల్లి ఆలస్యంగా లేచే పిల్లల కోసం ఒకటి రెండు రోజులు ఆగగలుగుతుంది. ఆ గడువు దాటాక తిరిగే పిల్లలను వెంటబెట్టుకొని గూడు వదిలేస్తుంది. వారం ఆలస్యంగా చేరిన గుడ్లలో పిండం బతికి ఉండగానే చల్లబడి చనిపోతుంది. పైగా తొలికూత గారి పెట్ట కూర్చున్నది గూళ్ల వరుసలో. అవి నేలకు ఎత్తుగా ఉంటే ముందు లేచిన పిల్లలు కింద పడి, తిరిగి తల్లి దగ్గరకు ఎక్కలేక చలికి చస్తాయి.

నేలగూడు:

ఇవన్నీ జరిగేవే, కాదనను. అయితే రోజూ ఒకసారి గూటిలో చెయ్యి పెట్టి చూసేవారి దగ్గర ఇవి చాలావరకు జరగవు. వేరు చేసినవారికి శ్రమ తప్పుతుందన్నది కూడా భ్రమే. ఇరుకు బోనులో బంధించిన పెట్ట లేచి తిరగడానికి చోటు లేక గుడ్ల మీదే రెట్ట వేస్తుంది, మేత గిన్నె ముక్కు ముందే ఉంటే లేవడమే మానేస్తుంది. పొదుగు కాలంలో పెట్ట ఎలాగూ బరువు తగ్గుతుంది. దుమ్ములో పొర్లే అవకాశం కూడా లేకపోతే పేలు పట్టి, అవి భరించలేక గుడ్లు వదిలేసి పోయే పెట్టలు ఉంటాయి.

చిరుగింజ:

మీ ఇద్దరి వాదనలో రెండు వేర్వేరు కాలాలు కలగలిసిపోయాయి. ముళ్లకంచె గారు చెప్పిన నష్టాలు దాదాపు అన్నీ పెట్ట గుడ్ల మీద ఉన్నప్పటివి. నేలగూడు గారు చెప్పినవాటిలో బరువైనది, అంటే మందలో స్థానం పోవడం, పిల్లలు లేచాక ఎదురయ్యేది. గుడ్ల మీద ఉన్నంతకాలం వేరుగా ఉంచి, పిల్లలు లేచాక వీలైనంత త్వరగా మందతో కలపాలన్నది నా పక్షం. "వేరుగా" అన్నప్పుడు కంటికి కనబడకుండా అని నా ఉద్దేశం కాదు. కోళ్ల గదిలోనే ఒక మూల జాలీ కడితే, మిగతా కోళ్లకు పెట్ట రోజూ కనబడుతుంది, దాని కూత వినబడుతుంది, అవి మాత్రం దాని గూట్లోకి వెళ్లలేవు. నేలగూడు గారి భయంలో పెద్ద భాగం ఇక్కడే తీరిపోతుంది.

కదిపితే పొదుగు మానేస్తుందన్న అభ్యంతరం న్యాయమైనదే, కానీ పద్ధతిగా కదిపితే చాలా పెట్టలు మానవు. చీకటి పడ్డాక, లైటు వేయకుండా, రెక్కలను ఒంటికి అదిమి పట్టి ఎత్తి, ముందే సిద్ధం చేసిన నేలమట్టపు గూటిలో ఉత్తుత్తి గుడ్ల మీద కూర్చోబెట్టాలి. గూడు మసక వెలుతురులో ఉండాలి. మేత, నీళ్లు నాలుగడుగులు నడిస్తేగాని అందని చోట ఉంచి, పొర్లడానికి పొడి మట్టి కాస్త పోయాలి. తెల్లవారాక అది లేచి జాలీ వెంట అటూ ఇటూ తిరుగుతూ బయటికి దారి వెతుకుతుంటే ఆ పెట్ట ఇంకా కుదురుకోలేదన్నమాట. రెండు మూడు రోజులు గట్టిగా కూర్చున్న తర్వాతే అసలు గుడ్లు వేయాలి, అన్నింటినీ ఒకేసారి వేయాలి. గుడ్లు పెట్టి వారం దాటకుండా, చల్లని చోట మొద్దు వైపు పైకి ఉండేలా నిలవ చేసినవైతే మేలు. వారం దాటినకొద్దీ పిల్లలయ్యే అవకాశం తగ్గుతూ పోతుంది.

ఎన్ని వేయాలన్నది ఆశను బట్టి కాదు, పెట్ట ఒళ్లును బట్టి నిర్ణయించాలి. మధ్యరకం పెట్టకు 8 నుంచి 12 గుడ్లు సరిపోతాయి. కూర్చున్నాక పక్కల నుంచి ఒక్క గుడ్డు అంచు కనబడినా ఎక్కువ వేసినట్టే. బయటికి వచ్చింది ఒక్కటే కదా అనుకోకూడదు, ఎందుకంటే పెట్ట రోజంతా గుడ్లను దొర్లిస్తూ లోపలివి అంచుకు, అంచువి లోపలికి మారుస్తుంటుంది. ఈ రోజు చల్లగా ఉండిపోయినది ఒక గుడ్డైతే రేపు మరొకటి. ఏడో రోజు రాత్రి టార్చి వెలుగుకు పట్టి చూస్తే, ఎదుగుతున్న గుడ్డులో నల్లని చుక్క నుంచి సాలెగూడులా రక్తనాళాలు పాకి కనబడతాయి. ఏమీ లేనివాటిని తీసేస్తే మిగిలినవాటికి వేడి సరిగా అందుతుంది. 18వ రోజు దాటాక మాత్రం గుడ్లను ముట్టుకోవద్దు.

ఇక పిల్లల సంగతి. తల్లి వెంట మొదటి రోజుల నుంచే మంద కళ్ల ముందు తిరిగిన పిల్లలను కోళ్లు తమవాటిగానే చూస్తాయి, అలా చూడక మీదికి వచ్చే కోళ్లను తల్లి తరిమేస్తుంది. నెలలు నిండాక తీసుకువచ్చి కలిపిన పిల్లలకు ఆ రక్షణ ఉండదు, తల్లి అప్పటికి వాటిని వదిలేసి మళ్లీ గుడ్లకు వచ్చి ఉంటుంది.

మందలో కలిపేవారు చాలామంది పట్టించుకోనిది మేత. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, పిల్లలకు కావలసింది సుమారు 1 శాతం. ఆ దాణా వారాల తరబడి తింటే పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. పెద్దవి తినేదాన్ని పిల్లలు తినకుండా ఆపడం అసాధ్యం కనుక మందంతటికీ పిల్లల దాణానే పెట్టి, నత్తగుల్లల పొడి వేరే గిన్నెలో ఉంచితే, గుడ్లు పెట్టే పెట్టలు తమకు కావలసినంత అందులోంచి తీసుకుంటాయి.

ముళ్లకంచె:

గుడ్ల కాలం గురించి చిరుగింజ గారితో నాకు పేచీ లేదు. "వీలైనంత త్వరగా" అన్న దగ్గర మాత్రం ఆగుతాను. రక్తవిరేచనాలు కలిగించే కాక్సిడియా క్రిములు పెద్ద కోళ్ల రెట్టలో, పైకి ఏ జబ్బూ కనబడకుండానే, ఉంటాయి. కోళ్ల కింద నేల మీద పరిచే ఊక, గడ్డి లాంటి పరుపు తడిస్తే అవి బలపడతాయి, మూడు నుంచి ఆరు వారాల వయసు పిల్లలను ఎక్కువగా పడగొడతాయి. పెద్ద మంద తిరిగే నేల మీదికి పిల్లలను మొదటి రోజుల్లోనే వదలడం, వాటి పేగు తట్టుకోగలదో లేదో చూడకుండా పందెం కాయడమే.

చిరుగింజ:

కాక్సిడియాను పూర్తిగా తప్పించడం ఎవరి వల్లా కాదు. పరిశుభ్రమైన జాలీ నేల మీద పెంచిన పిల్ల దాన్ని ఎన్నడూ ఎదుర్కోకుండా పెరిగి, మట్టి మీదికి దిగిన నాడు ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో తింటుంది. కొద్దికొద్దిగా తగిలితే పేగు నిరోధకత తెచ్చుకుంటుంది. నిజమైన శత్రువు తేమ అన్నదాన్ని మాత్రం ఒప్పుకుంటాను: నీటి గిన్నె చుట్టూ పరుపు తడిగా ఉంటే మంద ఉన్నా లేకపోయినా ఒకటే. గిన్నె లోతు తక్కువగా ఉండి, అందులో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగవు, నీళ్లు చిమ్మడమూ తగ్గుతుంది. పిల్లలు ముడుచుకొని నిలబడి, రెట్టలో రక్తం కనబడితే ఆ రోజే పశువైద్యుడిని అడిగి ఆంప్రోలియం లాంటి మందు నీళ్లలో ఇవ్వాలి, వేచి చూసే జబ్బు కాదది.

తొందర విషయంలో నా మాటను కొంత సవరిస్తాను. మొదటి వారం తల్లీపిల్లలను జాలీ లోపలే ఉంచి, ఆ తర్వాత జాలీ అడుగున పిల్లలు దూరగలిగి పెట్టలు దూరలేని సందు ఒకటి తీయండి. తల్లిని మొదట రోజూ కాసేపు, తర్వాత పూర్తిగా బయటికి వదలవచ్చు. ఏదైనా మీదికి వస్తే పిల్లలు ఆ సందులోంచి లోపలికి దూరిపోతాయి. వాటి మేత కూడా అక్కడే పెడితే పెద్ద కోళ్లు దోచుకోవు.

తొలికూత:

గదిలో ఒక మూల జాలీ కట్టడానికి వీలుంది కనుక ఈ రాత్రికి ఆ ఏర్పాటే చేస్తాను. పెట్ట లేచిపోతే నేలగూడు గారి పద్ధతిలో పాత గూటికే మళ్లీ చేరుస్తాను. ఒక్క సందేహం మిగిలింది. కొన్ని పిల్లలు లేచి, కొన్ని గుడ్లు మిగిలిపోతే ఎంతవరకు ఆగాలి? పెంకుకు చిల్లి పడి పిల్ల బయటికి రాకపోతే మనం ఒలిచి తీయవచ్చా?

నేలగూడు:

చిల్లి పడ్డాక పిల్ల బయటికి రావడానికి ఒక రోజంతా పట్టవచ్చు. ఆ సమయంలో పెంకు లోపలి పొరలోని రక్తనాళాలు ఎండిపోవాలి, పచ్చసొన పొట్టలోకి చేరాలి. తొందరపడి ఒలిస్తే రక్తం కారి పిల్ల చనిపోతుంది, కనుక చెయ్యి పెట్టవద్దు. 23వ రోజు గడిచినా చిల్లి పడని గుడ్లను చెవి దగ్గర పెట్టుకొని వినండి, టార్చికి పట్టి చూడండి. కదలిక గాని, పిల్ల కిచకిచ గాని లేకపోతే తీసేయవచ్చు. పెట్ట పిల్లలతో లేచిపోయే వేళకు చిల్లి పడిన గుడ్డు మిగిలి ఉంటే, ఇంక్యుబేటరు ఉన్నవారు 37.5 డిగ్రీల దగ్గర అందులో పెట్టి, పిల్ల ఒళ్లు ఆరాక ఆ రాత్రే చీకట్లో తల్లి రెక్క కిందికి జారవిడవవచ్చు. రెండు మూడు రోజులు ఆలస్యం చేస్తే మాత్రం కొన్ని తల్లులు ఆ పిల్లను పరాయిదిగా పొడుస్తాయి.