పాత సవర ఫొటోల కింద ఏం రాయాలి?

వంశధార ఒడ్డు (గుణుపురం):
మా కాలేజీ స్టోర్ రూమ్‌లో ఓ పెట్టెడు బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు దొరికాయండి, అన్నీ చుట్టుపక్కల సవర ఊళ్లవే. వెనకాల 'సవర పురుషుడు', 'సవర స్త్రీ' అని ఇంగ్లీషులో రాసుంది తప్ప ఒక్క పేరూ లేదు. ఒకదాంట్లో ఒక ముసలాయన గోడమీది ఇడితాల్ (సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మ) పక్కన నిలబడ్డాడు, వేళ్లకి పిండి ఇంకా అంటుకునే ఉంది, బహుశా వేసింది ఆయనే. మా సవర పిల్లలు చేసే లినోకట్లతో (లినోలియం షీటు చెక్కి, సిరా పూసి తీసే అచ్చుబొమ్మలు) కలిపి వీటిని ప్రదర్శనకి పెడదామని ఉంది. ఆ ముసలాయన కింద మళ్లీ 'సవర పురుషుడు' అని రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు.

మహేంద్రతనయ:
వెండీ రెడ్ స్టార్ అనే ఆర్టిస్టు చేసిన పని చూడండి. ఆవిడది అమెరికాలో క్రో తెగ. 1880లో వాషింగ్టన్ వెళ్లిన క్రో నాయకులకి చార్లెస్ మిల్టన్ బెల్ తీసిన ఫొటోలున్నాయి, 2014లో ఆవిడ వాటి కాపీల మీద ఎర్ర సిరాతో వాళ్ల పేర్లు, ఒంటిమీది వస్తువుల అర్థాలు రాసింది. ఇంకోటి, ఒరెగాన్‌లో యుమటిల్లా రిజర్వేషన్‌లో (అక్కడి ఆదివాసీలకి కేటాయించిన ప్రాంతం) 1992లో పెట్టిన క్రోస్ షాడో అనే ప్రింట్ స్టూడియో ఉంది. అక్కడ తీసిన ప్రింట్లు విల్లమెట్ యూనివర్సిటీ వాళ్ల హాలీ ఫోర్డ్ మ్యూజియంలో భద్రంగా ఉంటాయి, ఆర్టిస్టు పేరుతో.

జాజు గోడ:
నేను సవరనే అన్నా. మా తాత ఇడితాల్ వేసేవాడు. అది గోడకి అందం కోసం వేసేది కాదు, ఇంట్లో జబ్బు చేస్తేనో, పోయినవాళ్ల కోసమో, పూజారి చెబితే వేస్తారు. ముందు ఆ ఫొటోలు ఊళ్లకి పట్టుకెళ్లండి, ముసలివాళ్లు మొహం చూసి ఎవరి తండ్రో చెప్పేస్తారు. ఫలానాది బయట పెట్టొద్దంటే మాత్రం పెట్టకండి. బొమ్మలు కూడా అంతే, అడిగాకే పిల్లల చేత చెక్కించండి.

మహేంద్రతనయ:
లినో సంగతి ఒక మాట. చెక్కిన చోటు తెల్లగా మిగులుతుంది కాబట్టి ఎర్రమట్టి రంగు సిరా రోలర్‌తో పూస్తే అచ్చం బియ్యప్పిండి గీతలా వస్తుంది. కానీ కుడి ఎడమలు తిరగబడతాయి, ఊరేగింపులో వెళ్లే ఏనుగు వెనక్కొస్తున్నట్టు పడుతుంది, అందుకని ట్రేసింగ్ తిరగేసి దించుకోమనండి. కింద పెన్సిల్‌తో 3/20 అని, అంటే ఇరవై ప్రతుల్లో ఇది మూడోదని, నంబరు వేయించండి, దాని పక్కన ఆ బొమ్మ చెక్కిన పిల్లాడి సంతకం.

వంశధార ఒడ్డు:
ఫొటోలు స్కాన్ చేయించి ఆదివారం బయల్దేరతాను. తమ్ముడూ, నాకు సవర భాష రాదు, నువ్వు కూడా వస్తావా?