కార్పెట్ తీశాక చెక్క నేలకి అతుక్కున్న జిగురు: ఎలా వదిలించాలి?

ఆమదాలవలస అబ్బాయి:
అందరికీ నమస్కారం. ఈమధ్యే న్యూజెర్సీ వచ్చాం. ఎడిసన్‌లో పాత ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకున్నాం. పాపకి దుమ్ము పడదు, కార్పెట్ తీసేస్తామంటే ఓనరు సరే అన్నాడు. తీస్తే కింద చక్కటి ఓక్ చెక్క. కానీ కార్పెట్ కింద వేసిన ప్యాడింగ్ కుళ్ళి, పసుప్పచ్చ రబ్బరు మచ్చలు మచ్చలుగా అతుక్కుపోయింది. నడిస్తే సాక్సు అంటుకుంటోంది. ఏం వాడాలి?

పాలకొండ అక్క:
తమ్ముడూ, జిగురు సంగతి తర్వాత. ఓనరు సరే అన్నట్టు రాతలో ఉందా? మా మొదటి ఇంటి ఓనరు కూడా గుమ్మంలో నిలబడి "పాతదే కదమ్మా, తీసేయండి" అన్నాడు. ఖాళీ చేసే రోజున ఆయన రాలేదు, కొడుకుని పంపాడు. ఆ అబ్బాయి మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి, నేల మీద గీత గీతకీ ఫోటో తీశాడు. మేం రాకముందు సోఫా కాళ్ళు గీసిన గీతలకి కూడా! కొత్త కార్పెట్ ఖరీదంతా డిపాజిట్‌లోంచి కోసేశారు. పెద్దాయనకి ఫోన్ చేస్తే "నేనెప్పుడన్నాను?" అన్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది. న్యూజెర్సీలో డిపాజిట్ నెలన్నర అద్దెకి మించకూడదు. ఖాళీ చేసిన 30 రోజుల్లో దేనికెంత కోశారో రాసిచ్చి మిగతాది తిరిగివ్వాలి. అన్యాయంగా ఆపితే, ఆపిన దానికి రెట్టింపు కోర్టు ఇప్పిస్తుంది. ఈ రోజే ఓనరుకి మెసేజ్ పెట్టి జవాబు తెప్పించుకో.

ఉద్దానం బాబాయి:
ఇంత పనికి కోర్టులేటమ్మా! బాబూ, పనసకాయ కోసినప్పుడు మనవాళ్ళు ఏటి సేస్తారు? చేతికీ కత్తికీ నూనె రాస్తారు. కొబ్బరినూనె పూసి, కాసేపు ఒగ్గేసి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తోసీ.

బొబ్బిలి మాస్టారు:
బాబాయిగారూ, పనసపాలకి నూనె సరే, చెక్కకి వద్దు. పాలిష్ అరిగిన చోట లోపలికి దిగిపోతుంది. రేపు వార్నిష్ వేస్తే పట్టదు.

ఉద్దానం బాబాయి:
సబ్బునీళ్ళతో కడిగితే పోదా మాస్టారూ?

బొబ్బిలి మాస్టారు:
దిగింది పోదు. పైగా నీళ్ళు ఎక్కువైతే పలకల అంచులు లేస్తాయి. బాబూ, ముందు పొడిగానే ప్లాస్టిక్ స్క్రేపర్‌తో, చెక్క గీత వెంబడే గీకు. ఇనుప బ్లేడు వద్దు. స్టేపుల్స్ ప్లయర్‌తో పీకేయాలి, లేకపోతే గుడ్డ చిక్కుకుంటుంది. మిగిలిన బంకకి మినరల్ స్పిరిట్స్ (రంగు పలచన చేసే ద్రావకం)తో గుడ్డ తడిపి దాని మీద పరుచు, నేల మీద పోయకు. బంక మెత్తబడ్డాక పొడిగుడ్డతో తుడువు. ముందు అల్మరా మూలలో చూసుకో. కిటికీలన్నీ తీసి ఉండాలి, పొయ్యి వెలగకూడదు, పాపని ఆ పూట ఎక్కడికైనా పంపించు. చెక్కని అరగదీసే సాండింగ్ మెషిన్ జోలికి పోకు, బంక వేడెక్కి దాని గరుకు కాగితానికి మెత్తుకుపోతుంది.

చీపురుపల్లి వదిన:
మెషిన్ వద్దనడానికి అంతకంటే పెద్ద కారణం ఉంది మాస్టారూ. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో సీసం నిషేధించింది 1978లో. అంతకుముందు కట్టిన ఇంట్లో పాత రంగు, వార్నిష్ పొడి చిన్నపిల్లల ఒంట్లోకి వెళ్తే చాలా ప్రమాదం. అలాగే జిగురు తారులా నల్లగా ఉంటే గీకకండి, ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ పీచు ఉండొచ్చు. ఓనరుకి చెప్పి ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి.

ఆమదాలవలస అబ్బాయి:
ఓనరు మెసేజ్‌లో సరే అని రాశాడు అక్కా. నలుపు ఎక్కడా లేదు వదినా. అల్మరా మూలలో స్పిరిట్స్‌తో చూశాను మాస్టారూ, బంక ఉండలు ఉండలుగా వచ్చేసింది, పాలిష్ చెదరలేదు.

బొబ్బిలి మాస్టారు:
అయితే చిన్న చిన్న చోట్లుగా చేసుకుంటూ పో. తుడిచిన గుడ్డలు ఇంట్లో చెత్తబుట్టలో వేయకు, బయట విడివిడిగా పరిచి ఆరబెట్టు. తర్వాత ఎప్పుడైనా లిన్‌సీడ్ (అవిసె) నూనె పాలిష్ వేస్తే ఆ గుడ్డల్ని అస్సలు ఉండచుట్టి పెట్టకూడదు, వాటంతటవే అంటుకుంటాయి.