లేని కాన్ఫిడెన్స్ నటిస్తే నిజంగా పని అవుతుందా?

అమీర్‌పేట ఫ్రెషర్:
పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీటెక్ అయ్యాక ఇప్పుడు అమీర్‌పేటలో జావా కోర్సు చేస్తున్నాను. మాక్ ఇంటర్వ్యూలు పెట్టే సార్ రోజూ ఒకటే మాట అంటారు: "తెలియకపోయినా తెలిసినట్టే మాట్లాడు. తడబడ్డావంటే పక్కన పెట్టేస్తారు." నా పక్కన కూర్చునే అబ్బాయికి జావాలో కలెక్షన్స్ (డేటాను దాచి వాడుకునే పద్ధతులు) సరిగ్గా రావు, కానీ గడగడా మాట్లాడతాడు. వాడికి ఆఫర్ వచ్చేసింది. నాకు ప్రోగ్రామ్ రాయడం వచ్చు, ఇంటర్వ్యూలో గొంతు పెగలదు. నేనూ నటించడం నేర్చుకోవాలా? అలా చేసి నిజంగా పైకొచ్చినవాళ్లు ఉన్నారా?

మాదాపూర్ సేల్స్:
నేర్చుకో తమ్ముడూ, సందేహమే వద్దు. మొదటిసారి క్లాసు చెప్పే టీచరు, మొదటి కేసు వాదించే లాయరు, అందరూ లోపల వణుకుతూ పైకి ధైర్యంగా నిలబడినవాళ్లే. నేను సేల్స్‌లో చేరినప్పుడూ అంతే. కస్టమర్ ముందు నటిస్తూ నటిస్తూ ఉంటే ఒకరోజు అది నటన అన్న సంగతే మర్చిపోయాను.

ఇంకో మాట. కాన్వెంట్‌లో చదివి, ఇంట్లో ఇంగ్లిష్ వింటూ పెరిగిన పిల్లలకు ఆ ధీమా ఊరికే వస్తుంది. వాళ్లది నిజమైన కాన్ఫిడెన్స్, మనది దొంగ కాన్ఫిడెన్స్ అంటే నేను ఒప్పుకోను. మనది నిజమయ్యేదాకా ఆగితే ఉద్యోగాలు ఆగవు. ఇంటర్వ్యూకి ముందు రెండు నిమిషాలు ఛాతీ విరుచుకుని నిలబడితే ఒంట్లో హార్మోన్లే మారతాయని పరిశోధన కూడా ఉంది.

వరంగల్ సైకాలజీ లెక్చరర్:
ఆ హార్మోన్ల సంగతి సరిచేయాలండి, చాలామంది ఇప్పటికీ నమ్ముతున్నారు. డానా కార్నీ, ఎమీ కడీ, ఆండీ యాప్ కలిసి 2010లో ప్రచురించిన అధ్యయనం అది. పాల్గొన్నది 42 మంది. 2012లో కడీ ఇచ్చిన టెడ్ ప్రసంగంతో ప్రపంచమంతా పాకింది. 2015లో వేరే బృందం 200 మందితో మళ్లీ చేసి చూస్తే హార్మోన్లలో మార్పు కనిపించలేదు, రిస్కు తీసుకునే తీరూ మారలేదు. 'ధైర్యంగా అనిపించింది' అని మాత్రం జనం చెప్పారు. మరుసటి ఏడాది కార్నీయే ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని బహిరంగంగా రాశారు.

మీ వాదనకు బలమిచ్చే అధ్యయనం వేరే ఉంది. 2012లో క్యామెరాన్ ఆండర్సన్ బృందం విద్యార్థులకు కొన్ని పేర్లు చూపించింది. అందులో అసలు లేనివీ కలిపారు. అవి కూడా తెలుసన్నవాళ్లకే తోటి విద్యార్థుల్లో ఎక్కువ గౌరవం దక్కింది. కాబట్టి ఆ అబ్బాయికి ఆఫర్ రావడంలో వింతేమీ లేదు. ధీమాను చూసి సామర్థ్యం అనుకోవడం మనుషుల్లో ఉన్నదే.

టెన్షన్ విషయానికొస్తే, 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ చేసిన ప్రయోగాలు చదవమంటాను. మాట్లాడే ముందు 'శాంతంగా ఉన్నాను' అనుకున్నవాళ్ల కంటే 'ఉత్సాహంగా ఉంది' అనుకున్నవాళ్లు బాగా మాట్లాడారు. గుండె దడను దాచనక్కర్లేదు, దాన్ని ఉత్సాహం అనుకుంటే చాలు.

గచ్చిబౌలి టీమ్ లీడ్:
నేను ఇంటర్వ్యూలు తీసుకునే మనిషిని. ఆఫర్ వచ్చిన తర్వాత ఏమవుతుందో ఇక్కడ ఎవరూ చెప్పలేదు.

తెలిసినట్టు నటించి చేరినవాడు మొదటి వారంలోనే ఇరుక్కుపోతాడు. కొత్తగా చేరిన ఫ్రెషర్‌కు ఉండే పెద్ద వసతి ఏమిటంటే ఏదైనా అడగొచ్చు. "అన్నా, ఇది అర్థం కాలేదు" అంటే ఎవరూ తప్పు పట్టరు. అన్నీ వచ్చని చెప్పి వచ్చినవాడు ఆ ప్రశ్న అడగలేడు. స్టాండప్‌లో, అంటే పొద్దున జరిగే చిన్న టీమ్ మీటింగ్‌లో, రోజూ "అయిపోతుంది సార్" అంటాడు. రాత్రంతా ఫ్రెండ్స్‌కి ఫోన్లు చేస్తాడు. రిలీజ్ ముందు రోజు కోడ్ తెరిచి చూస్తే ఏమీ ఉండదు, అప్పుడు టీమంతా కూర్చుని రాయాలి. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకున్నవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. పాత ఉద్యోగం నిజమో కాదో చూడటానికి పీఎఫ్ రికార్డు అడిగినప్పుడల్లా వాళ్ల ముఖంలో భయం చూశాను. వాళ్లంటే నాకు కోపం లేదు, నేర్చుకునే వయసంతా దాచుకోవడానికే పోతోందని బాధ.

మన హైదరాబాద్‌లోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కంపెనీ బోర్డుకు రాసిన లేఖ చదవండి. లెక్కల్లో చూపిన లాభానికీ అసలు లాభానికీ మధ్య మొదట కొద్దిపాటి తేడాయే ఉండేదనీ, అది ఏటేటా పెరిగిందనీ రాశారు. లెక్కల్లో చూపించిన లేని నగదు 5,040 కోట్లకు చేరింది. పులి మీద స్వారీ, దిగితే తినేస్తుంది అన్నది ఆయన మాటే.

మాదాపూర్ సేల్స్:
అన్నా, గొంతు పెగలని కుర్రాడి దగ్గర మొదలుపెట్టి సత్యం దాకా తీసుకెళ్లారు. అది మోసం, కోర్టు శిక్ష వేసిన కేసు. ఇతను అడిగేది భయం దాచుకోవచ్చా అని. అయినా గడగడా మాట్లాడినవాడికి ఆఫర్ ఇచ్చింది మీలాంటి ప్యానెలే కదా. నిజాయితీగా ఉండమని సలహా ఇవ్వడానికి మనకేం ఖర్చు కాదు, దానికి మూల్యం కట్టేది ఇతను.

గచ్చిబౌలి టీమ్ లీడ్:
ప్యానెల్ గురించి అన్నది నిజం. అందుకే మా దగ్గర ముందు ప్రోగ్రామ్ రాయిస్తాం, మాటలు తర్వాత. తెలుగులో వివరిస్తానంటే వింటాను. అన్నిచోట్లా ఇలా జరగదని తెలుసు, జరగాలని గట్టిగా అడగాల్సింది మనమే.

భయం దాచుకోమనే నేనూ అంటాను. గొంతు పెంచు, కళ్లలోకి చూసి మాట్లాడు, ఇస్త్రీ చొక్కా వేసుకో. రాని సబ్జెక్టు వచ్చని మాత్రం అనొద్దు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. మెయిన్స్ తెలుగులో రాశారు, ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే ఇచ్చారు. రాని ఇంగ్లిష్ ధీమా నటించలేదు, తనకు పట్టున్న భాషలో కూర్చున్నారు. అక్కడ ఆ వెసులుబాటు ఉంది, ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల లేదు. తేడా అక్కడుంది.

అమీర్‌పేట ఫ్రెషర్:
సరే అన్నా. కానీ "తెలియదు" అన్నాక ఏం మాట్లాడాలి? ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దానికే నాకు భయం.

గచ్చిబౌలి టీమ్ లీడ్:
అక్కడ ఆగకు తమ్ముడూ. జావాలో డేటా దాచే కాంకరెంట్ హ్యాష్‌మ్యాప్ గురించి అడిగారనుకో. "అది నేను వాడలేదండి. మామూలు హ్యాష్‌మ్యాప్ తెలుసు. ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే రెండు థ్రెడ్లు దాంట్లో ఒకేసారి రాస్తే డేటా చెడిపోతుంది కాబట్టి, దాన్ని ఆపే ఏర్పాటు కాంకరెంట్ దాంట్లో ఉండాలి" అను. నీకు తెలిసిన చోటి నుంచి ఆలోచించడం నాకు కనిపిస్తుంది. నేనైతే ఆ జవాబుకు మార్కులేస్తాను.

మాదాపూర్ సేల్స్:
ఈ జవాబు నాకూ నచ్చింది. కానీ దీన్ని చెప్పేటప్పుడు కూడా లోపల కాళ్లు వణుకుతూనే ఉంటాయి తమ్ముడూ. అద్దం ముందు నిలబడి గట్టిగా చెప్పడం ప్రాక్టీస్ చెయ్యి. నటన అనుకున్నా పర్లేదు.