బెర్ట్రమ్‌ని క్షమించి వదిలేయడానికి ‘అది జానపద కథ’ అంటే చాలా?

మూడోగంట:
షేక్‌స్పియర్ ‘ఆల్స్ వెల్ దట్ ఎండ్స్ వెల్’ చదివాను. వైద్యుడి కూతురు హెలెనా రాజుగారి జబ్బు నయం చేసి, బహుమతిగా బెర్ట్రమ్ అనే కులీన యువకుణ్ని మొగుడిగా కోరుకుంటుంది. వాడికి ఇష్టం లేదు. పెళ్లవగానే ఫ్లోరెన్స్ యుద్ధానికి చెక్కేస్తాడు. ‘నా వేలి ఉంగరం తీసుకుని, నా వల్ల పుట్టిన బిడ్డను చూపించు, అప్పుడు మొగుడని పిలువు’ అని ఉత్తరం రాస్తాడు. ఆమె చీకట్లో, అక్కడ వాడు మోజుపడ్డ డయానా అనే అమ్మాయి బదులు తాను వాడి పక్కకు చేరి పని సాధిస్తుంది. చివర్లో వాడు రెండు ముక్కల్లో మంచివాడైపోతాడు. ఇదేం కామెడీ?

కథలపెట్టె:
రాజు రోగం కుదిర్చిన పిల్ల, తీరని షరతులు, రెండూ జానపద కథల సరుకేనండీ. ఇటలీ రచయిత బొకాచియో కథల పుస్తకం ‘డెకామెరాన్’లో మూడో రోజు తొమ్మిదో కథ ఇదే. మన కథాసరిత్సాగరంలో మూలదేవుడు వదిలేసిన భార్య కూడా మారువేషంలో వెళ్లి అతని వల్లే కొడుకును కంటుంది. ఆ కొడుకే తండ్రిని పట్టుకొస్తాడు. వాడెందుకు మారాడని అక్కడెవరూ అడగరు. షరతు తీరింది, కథ కంచికి.

సందేహాలరావు:
షరతు తీరలేదు. బిడ్డను చూపించాలి. ఆఖరి సీన్లో ఆమె ఇంకా గర్భవతే.

కథలపెట్టె:
బొకాచియోలో ఇద్దరు కొడుకులతో వస్తుంది. స్టేజి మీద పసిపిల్లలతో ఇబ్బందని షేక్‌స్పియర్ మార్చి ఉంటాడు.

సందేహాలరావు:
ఆయనదే ఇంకో నాటకం ‘వింటర్స్ టేల్’లో పసిపాపను తెచ్చారుగా. బట్టలో బొమ్మను చుడితే సరి.

రాత్రిబండి:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా. కానివ్వండి.

గోదారిగట్టు:
మా బావా ఇంతే. పెద్దలు బలవంతంగా కట్టబెట్టారంటూ నెల తిరక్కుండా గల్ఫ్ వెళ్లిపోయాడు. ఏళ్ల తర్వాత వచ్చి ‘ఇకనుంచి బాగా చూసుకుంటా’ అంటే ఇంటిల్లిపాదీ సంబరం. అక్కనొక్కరు అడిగితే ఒట్టు. కథల్లో అంతేలే అనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

కథలపెట్టె:
మీ అక్కగారి విషయం బాధాకరమే. కానీ మీ బావమీద కోపం నాటకం మీద చూపిస్తే ఎలా?

గోదారిగట్టు:
నాటకంలోనే ఉంది, చదవండి. బొకాచియో కథలో ఆ అమ్మాయి డబ్బున్నది. షేక్‌స్పియర్ పేదరాలిని చేశాడు. పైగా ఆఖరి సీన్లో బెర్ట్రమ్ రాజు ముందే డయానాను సైనికుల వెంట తిరిగేదంటాడు. ఈ చెత్తంతా జానపద కథలో ఉందా? కావాలనే కలిపాడు. ఇక మీరు కథ పేరు చెప్పి వాణ్ని వెనకేసుకొస్తారేం?

కథలపెట్టె:
నేను వాణ్ని వెనకేసుకురావడం లేదు! మీరంతా వాడు మారాడా లేదా అనే చూస్తున్నారు. డబ్బూ కులమూ లేని పిల్ల, రాజు దగ్గర మాట చెల్లించుకుని, మొగుడు పెట్టిన తీరని షరతును తీర్చి వచ్చింది. గెలిచిందామె. ఆ గెలుపును పట్టుకుని ‘పాపం’ అంటుంటే నాకు నచ్చడం లేదు.

గోదారిగట్టు:
గెలిచి తెచ్చుకున్నదేంటి? ఆ మనిషినేగా.

కథలపెట్టె:
ఆమెకు కావలసింది అతనే. మీకు నచ్చకపోవచ్చు.

మూడోగంట:
‘ఇదంతా స్పష్టంగా తెలిసేలా చేయగలిగితే ప్రేమిస్తాను’ అంటాడు. అందులోనూ ‘గలిగితే’. అదీ రాజుతో అంటాడు, ఆమెతో కాదు.

కథలపెట్టె:
దానికి ముందు ‘క్షమించు’ అన్నది ఆమెతోనే.

సందేహాలరావు:
అన్నాడు. బిడ్డ మాత్రం ఇంకా పుట్టలేదు.