నెల దాటినా పాప కళ్లు పచ్చగానే ఉన్నాయి, విరేచనం పాలిపోతోంది. ఇంకా ఆగొచ్చా?

ప్రశ్న (ఏఎన్ఎం, సబ్‌సెంటర్)

32 రోజుల పాప. నెలలు నిండాకే పుట్టింది. అప్పుడు 2.9 కిలోలు, ఇప్పుడు 3.7. తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టడం లేదు. జ్వరం లేదు, బాగా తాగుతోంది, బాగా నిద్రపోతోంది. కళ్లలో పచ్చదనం మాత్రం తగ్గలేదు. పదో రోజున రక్తంలో టోటల్ బిలిరుబిన్ (కామెర్లు తెచ్చే పసుపు పదార్థం, మొత్తం) చేయిస్తే 9 వచ్చింది. తల్లిపాల వల్ల వచ్చే కామెర్లేనని, నీరెండ చూపించమని చెప్పి పంపారు. అందులో డైరెక్ట్ (కాలేయం మార్చి పిత్తంలోకి పంపే భాగం) ఎంతో ఆ రిపోర్టులో లేదు. ఇప్పుడు విరేచనం తడిపిన గోధుమపిండి రంగులో అవుతోంది, మూత్రం పడిన గుడ్డకు పసుపు మరక అంటుకుంటోంది. ఇంట్లోవాళ్లు పసరు పోయిస్తామంటున్నారు. బరువు పెరుగుతోంది కదా, ఇంకో రెండు వారాలు చూడొచ్చా? ముందు ఏ పరీక్ష చేయించాలి?

జవాబు 1 (పిల్లల వైద్యుడు, జిల్లా ఆసుపత్రి)

రెండు వారాలు కాదు సిస్టర్, రెండు రోజులు కూడా వద్దు. రేపే టోటల్, డైరెక్ట్ బిలిరుబిన్ రెండూ చేయించండి. నెలలు నిండిన బిడ్డకు 14 రోజులు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు 21 రోజులు దాటినా కామెర్లు ఉంటే ఈ పరీక్ష తప్పనిసరి. విరేచనం పాలిపోయినా, మూత్రం పచ్చగా ఉన్నా అన్ని రోజులు కూడా ఆగకూడదు. డైరెక్ట్ బిలిరుబిన్ 1 మి.గ్రా. దాటితే కాలేయం నుంచి పిత్తం కిందికి దిగడం లేదేమోనని అనుమానించాల్సిందే. తల్లిపాల కామెర్లలో పెరిగేది ఇన్‌డైరెక్ట్ (కాలేయం ఇంకా మార్చని భాగం) మాత్రమే. విరేచనం పసుపుగానే ఉంటుంది, మూత్రం నీళ్లలా ఉంటుంది.

బరువు పెరుగుతోందనే ధైర్యమే ఇక్కడ కొంప ముంచుతుంది. పిత్తనాళాలు మూసుకుపోయిన బిడ్డ, అంటే బిలియరీ అట్రీసియా ఉన్న బిడ్డ, మొదటి నెలన్నర చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. పొట్ట ఉబ్బి, కాలేయం గట్టిపడి చేతికి తగిలేసరికి ఆపరేషన్‌కు మంచి సమయం దాటిపోతుంది.

రక్తం తీసిన ట్యూబుకు వెలుతురు తగలనివ్వకండి, రేకు చుట్టి పంపండి. నమూనాలో ఎర్రకణాలు పగిలితే డైరెక్ట్ విలువ తక్కువగా రావచ్చు, అలా వస్తే మళ్లీ తీయాలి. చర్మం మీద పెట్టి చూసే మీటరు ఇక్కడ పనికిరాదు, అది డైరెక్ట్‌ను విడిగా చెప్పలేదు. ఫొటోథెరపీ లైటు, నీరెండ డైరెక్ట్ బిలిరుబిన్‌ను తగ్గించవు. లైటు కింద పెడితే చర్మం కంచు రంగుకు తిరుగుతుంది కూడా.

పసరు ససేమిరా వద్దు. కాలేయం ఇప్పటికే దెబ్బతింటోంది, పైగా రోజులు వృథా అవుతాయి.

విరేచనం చూసే పద్ధతి కూడా చెబుతాను. డైపర్‌లో కాదు, తెల్ల నూలు గుడ్డ మీద చూడాలి. ట్యూబ్‌లైటు కింద పాలిపోయినది కూడా పసుపుగా కనిపిస్తుంది, పగటి వెలుతురులోకి తీసుకెళ్లండి. మూత్రం కలిసినా, పేగులోంచి రాలిన పచ్చటి కణాలు అంటుకున్నా పైపొరకు కొద్దిగా పసుపు వస్తుంది. పుల్లతో విడదీసి లోపలి రంగు చూడండి. వరుసగా మూడు రోజులు ఫోన్‌లో ఫొటోలు తీసి తేదీ రాసి ఉంచండి. మొదట్లో పసుపుగా ఉండి మూడో వారం నుంచి పాలిపోయే పిల్లలూ ఉన్నారు, కాబట్టి మొదటి వారంలో చూసి వదిలేయకూడదు. తైవాన్‌లో 2004 నుంచి పుట్టిన ప్రతి బిడ్డ తల్లికీ విరేచనం రంగుల కార్డు ఇస్తున్నారు. ఆశా కార్యకర్తలు 14, 21, 28, 42 రోజులకు ఇంటికి ఎలాగూ వెళ్తారు. గుడ్డ చూపించమని అడిగితే ఆ పని ఇక్కడా జరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

రిపోర్టు వచ్చింది సార్. టోటల్ 8.2, డైరెక్ట్ 5.1. మాకు దగ్గర్లో స్కానింగ్ మాత్రమే ఉంది. అది చేయించి పంపాలా, నేరుగా పంపాలా?

జవాబు 2 (పిల్లల సర్జన్)

నేరుగా పంపండి. పిల్లల సర్జరీ, పిల్లల కాలేయ వైద్యం రెండూ ఉన్న పెద్ద ఆసుపత్రికే వెళ్లాలి. పంపే ముందు ఒక్కటి చూడండి: పుట్టినప్పుడు విటమిన్ కె సూదిమందు వేశారా? పిత్తం పేగులోకి రాకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది. బొడ్డు నుంచి గానీ, సూది గుచ్చిన చోట గానీ రక్తం ఆగకపోతే అది అత్యవసరం. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే పరీక్ష) పెరిగి ఉంటే నరంలోకి విటమిన్ కె ఇచ్చి, మళ్లీ పరీక్షించాకే బయాప్సీ (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చూడటం) అయినా ఆపరేషన్ అయినా.

అక్కడ పరీక్షలన్నీ ఒకేసారి మొదలుపెట్టాలి. ఒకదాని రిపోర్టు వచ్చాక ఇంకోటి రాస్తూ పోతే రెండు వారాలు ఇట్టే గడిచిపోతాయి. మందుతో లేదా ఆహారం మార్పుతో తగ్గే కారణాలు మొదట చూస్తారు: థైరాయిడ్, మూత్రంలో ఇన్ఫెక్షన్, గెలాక్టోసీమియా (పాలలోని చక్కెర ఒంటికి పడని పుట్టుజబ్బు). ఈ చివరిదాంట్లో వాంతులు, కంటిలో శుక్లం ఉండొచ్చు; అదొక్కటి అనుమానిస్తేనే తల్లిపాలు ఆపాలి. మిగతావాళ్లకు పాలు ఆపొద్దు.

కడుపు స్కానింగ్ నాలుగు గంటలు పాలు పట్టకుండా చేయాలి. పాలు తాగితే పిత్తాశయం ఎలాగూ కుంచించుకుపోతుంది, ఆ స్కాన్‌కు విలువ లేదు. ఉపవాసం ఉన్నా పిత్తాశయం చిన్నదిగా, గరుకుగా ఉండటం, కాలేయ ద్వారం (పిత్తనాళాలు కాలేయం నుంచి బయటికి వచ్చే చోటు) దగ్గర ముక్కోణపు మచ్చ కనిపించడం బిలియరీ అట్రీసియాను సూచిస్తాయి. నాళంలో తిత్తి ఉంటే అది కోలిడోకల్ సిస్ట్, దానికీ ఆపరేషనే. కానీ స్కాన్ నార్మల్ అన్నంత మాత్రాన జబ్బు లేదనుకోకండి. రక్తంలో జీజీటీ అనే కాలేయ ఎంజైమ్ బాగా పెరగడం ఇంకో ఆధారం. హిడా స్కాన్‌కు (నరంలోకి ఎక్కించిన మందు పిత్తంతో పాటు పేగులోకి దిగుతుందా అని చూసే స్కాన్) ముందు ఐదు రోజులు పిత్తం పారేలా ఫినోబార్బిటోన్ ఇస్తారు. స్కాన్ మందు పేగులోకి దిగితే అట్రీసియా లేదని తేలుతుంది, దిగకపోతే ఏదీ తేలదు. 45 రోజులకు దగ్గరపడుతున్న బిడ్డకు ఆ ఐదు రోజులు ఖర్చు చేయడం నాకు సమ్మతం కాదు. కాలేయ బయాప్సీ తీసి, ఆపరేషన్ టేబుల్ మీదే పిత్తాశయంలోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే తుది మాట తెలుస్తుంది.

మూసుకుపోయిందని తేలితే అదే మత్తులో కసాయ్ ఆపరేషన్. జపాన్‌లోని సెండాయ్‌లో మోరియో కసాయ్ 1950ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. గట్టిపడిన నాళాల ముద్దను కాలేయ ద్వారం దాకా కోసి తీసేస్తాం, అక్కడ బయటపడే సన్నని రంధ్రాల మీద చిన్నపేగు లూపును కుడతాం. తిన్నది వెనక్కి ఎక్కకుండా ఆ లూపును సుమారు 40 సెం.మీ. పొడవు ఉంచుతాం. 60 రోజులలోపు, వీలైతే 45 లోపు చేస్తే పిత్తం పారే అవకాశం ఎక్కువ. 90 దాటితే బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే అప్పటికి కాలేయం లోపలి నాళాలు కూడా మూసుకుంటాయి. మీ పాప ఇంకా గడువులోనే ఉంది.

జవాబు 3 (స్టాఫ్ నర్స్, పిల్లల సర్జరీ వార్డు)

ఆపరేషన్ అయ్యాక తల్లికి చెప్పాల్సినవి. విరేచనం పసుపు లేదా ఆకుపచ్చగా మారిందా అని రోజూ రాసుకోవాలి. మూడు నెలలకల్లా టోటల్ బిలిరుబిన్ 2లోపు దిగితే మంచి సూచన. జ్వరం వచ్చినా, మళ్లీ కళ్లు పచ్చబడినా, విరేచనం పాలిపోయినా పేగులోని క్రిములు కాలేయంలోకి ఎక్కాయని అనుకోవాలి. దీన్ని కోలాంజైటిస్ అంటారు, మొదటి ఏడాదిలోనే ఎక్కువ. పారాసిటమాల్ వేసి ఇంట్లో చూడకూడదు. అదే రోజు అడ్మిట్ చేసి నరంలోకి యాంటీబయాటిక్ పెట్టాలి.

మామూలు పిల్లల కంటే నాలుగో వంతు నుంచి సగం దాకా ఎక్కువ క్యాలరీలు కావాలి. పిత్తం లేకుండానే ఒంటికి పట్టే ఎంసీటీ కొవ్వు ఉన్న పాలపొడిని తల్లిపాలకు తోడుగా ఇస్తారు. ఎ, డి, ఇ, కె విటమిన్లు, పిత్తం పారడానికి ఇచ్చే అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం డాక్టర్ రాసిన మోతాదులో నడుస్తాయి. పొట్ట ఉబ్బితే బరువు మోసం చేస్తుంది, కాబట్టి చేతి చుట్టుకొలత కూడా తీయండి. టీకాలు ఏవీ వాయిదా వేయకండి.

జవాబు 4 (కాలేయ మార్పిడి కోఆర్డినేటర్)

కసాయ్ చేసినా చాలామందికి ఎప్పటికైనా మార్పిడి అవసరం పడుతుంది. అయినా ఆ ఆపరేషన్ వృథా కాదు, బిడ్డ పెరగడానికి సమయం దొరుకుతుంది. 1998లో ఢిల్లీలో మన దేశపు మొదటి విజయవంతమైన పిల్లల కాలేయ మార్పిడి జరిగింది ఈ జబ్బు ఉన్న బాబుకే, తండ్రి కాలేయంలో ముక్కతో. తల్లి గానీ తండ్రి గానీ ఎడమవైపు చిన్న భాగం ఇస్తే సరిపోతుంది, దాత కాలేయం మళ్లీ పెరుగుతుంది. మార్పిడి తప్పదనిపిస్తే తట్టు టీకా ఆరు నెలలకే వేయించే వీలుంది. ఇలాంటి బతికున్న క్రిముల టీకాలు మార్పిడికి కనీసం నాలుగు వారాల ముందే అయిపోవాలి.

సిస్టర్, బిడ్డతో పాటు రెండు బిలిరుబిన్ రిపోర్టులు, విరేచనం ఫొటోలు, విటమిన్ కె వేసిన వివరం పంపండి. రెఫరల్ చీటీ మీద "కామెర్లు" అని ఊరుకోకుండా "డైరెక్ట్ 5.1, విరేచనం పాలిపోయింది, వయసు 33 రోజులు" అని పెద్దక్షరాలతో రాయండి. ఓపీ క్యూలో ఆగకుండా నేరుగా పిల్లల సర్జరీ వార్డుకు పంపిస్తారు. ఆరోగ్యశ్రీ కార్డు, తల్లిదండ్రుల ఆధార్ తీసుకెళ్లి, చేరిన రోజే ఆరోగ్యమిత్రను కలవమనండి.